ఇంజన్ నడుస్తుండగానే నేలకు దిగడం: మసక వాతావరణంలో చిన్న విమానాల ప్రమాదాలు

చిన్న విమానం ఒకటి మబ్బుకూ నేలకూ నడుమ రెండు వందల మీటర్ల ఎత్తున ఎగురుతోందనుకుందాం. ఇంజన్‌లో ఏ లోపమూ లేదు, ట్యాంకుల్లో ఇంధనం ఉంది, విమానం చెప్పినట్టు వింటోంది. అయితే పావుగంట క్రితం దాకా ఎదురుగా కనిపించిన కొండవరస ఇప్పుడు కనిపించడం లేదు. వెనక్కి తిరిగి చూస్తే వచ్చిన దారి కూడా బూడిదరంగులో కలిసిపోతోంది. కింద పొడవాటి పచ్చిక మైదానం ఒకటి ఉంది. ఈ స్థితిలో ఆ మైదానంలో దిగిపోవడం తెగింపు కాదు, పైలట్లకు శిక్షణలో నేర్పే పద్ధతే. అయినా ఈ పని చేయబోయి విమానాలు విరుగుతున్నాయి, మనుషులు పోతున్నారు. అలాంటి ప్రమాదాలను వెనక్కి విప్పుకుంటూ పోతే పదేపదే ఎదురయ్యే కారణం మైదానంలో దిగాలనుకోవడం కాదు. ఆ నిర్ణయం తీసుకోవడంలో జరిగిన ఆలస్యం.

ఇంజన్ ఆగిపోయో, మరో కారణంచేతో ఇక ఎగరడమే సాధ్యం కానప్పుడు విధిలేక దిగడం ఒకటి. ఎగరగలిగి ఉండి కూడా, ఎగరడం మంచిది కాదని తేల్చుకుని ముందే ఆలోచించి దిగడం మరొకటి. ఈ రెండోదాన్నే ముందుజాగ్రత్త ల్యాండింగ్ అంటారు. వాతావరణం చెడిపోవడం, దారి తప్పడం, ఇంధనం తగ్గిపోవడం, ఇంజన్ క్రమంగా మొరాయించడం ఇందుకు మామూలు కారణాలు. అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ (ఎఫ్‌ఏఏ) వెలువరించే శిక్షణ గ్రంథం ప్రకారం రెండింటిలో ముందుజాగ్రత్త ల్యాండింగే తక్కువ ప్రమాదకరం, ఎందుకంటే పైలట్ చేతిలో చోటు ఎంచుకునే వ్యవధి ఉంటుంది, లెక్క కాస్త తప్పినా సరిదిద్దుకోవడానికి ఇంజన్ శక్తి ఉంటుంది. అదే గ్రంథం మరో మాట కూడా చెబుతుంది: ముందుజాగ్రత్తతో ముగియవలసిన సందర్భాలు, పైలట్ వివేచనను పక్కనపెట్టి ఆశను పట్టుకున్నందువల్ల, విధిలేని ల్యాండింగ్‌లుగా మారడం మరీ ఎక్కువగా జరుగుతోంది. మసక వాతావరణంలో ఈ మార్పు కంటికి కనిపించకుండా జరిగిపోతుంది. ఇంజన్ ఆగితే నిశ్శబ్దమైనా హెచ్చరిస్తుంది, చూపు మూసుకుపోతున్నప్పుడు అలాంటి హెచ్చరిక ఏదీ ఉండదు.

దిగకుండా ముందుకే సాగితే ఏమవుతుందో తెలియనిదేమీ కాదు. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, కేవలం పరికరాలను చూసి ఎగిరే అనుభవం లేని 20 మంది పైలట్లను బయటి దృశ్యం కనిపించని పరిస్థితిలో ఉంచి పరీక్షించారు. ఇరవై మందీ విమానంపై అదుపు కోల్పోయారు. ఒకరికి 20 సెకన్లే పట్టింది, మరొకరు 480 సెకన్లు నిలదొక్కుకున్నారు, సగటు 178 సెకన్లు. ఈ 178 అంకె పైలట్లందరికీ తెలుసు గానీ, ఆ ప్రయోగం అసలు ఉద్దేశం చాలామందికి గుర్తుండదు: మబ్బులో చిక్కుకున్న పైలట్ సగం చుట్టు తిరిగి బయటపడేందుకు ఒక సులువైన పద్ధతిని కనిపెట్టి నేర్పడం. నేర్చుకున్నాక వాళ్లు దాదాపు ప్రతిసారీ బయటపడ్డారు. అమెరికాలో పరికరాల ఆధారంగా మాత్రమే ఎగరగల వాతావరణంలో జరిగే చిన్న విమానాల ప్రమాదాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ప్రాణాంతకమని ఆ దేశపు జాతీయ రవాణా భద్రతా బోర్డు 2005లో వెలువరించిన అధ్యయనంలో పేర్కొంది. పొలంలో చక్రం విరగడంతో పోల్చి చూడవలసింది ఈ ముప్పును.

ఈ పోలిక తెలిసిన పైలట్ కూడా దిగడానికి వెనుకాడడం వెనుక పిరికితనం లేదు. గమ్యం దగ్గరపడేకొద్దీ మనసు పాత పథకాన్నే గట్టిగా పట్టుకుంటుంది. ఇంకో పది నిమిషాలే కదా అన్న లెక్క ముందుకొస్తుంది. విమానాన్ని చెడగొట్టకూడదన్న తాపత్రయం, ఇది అత్యవసర స్థితి అని ఒప్పుకోలేకపోవడం, దెబ్బలు తగులుతాయన్న భయం, ఈ మూడింటినీ శిక్షణ గ్రంథాలు విడివిడిగా పేర్కొంటాయి. 2020 జనవరి 26న కాలిఫోర్నియాలోని కాలబాసస్ వద్ద హెలికాప్టర్ కూలి, బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కోబీ బ్రయంట్ సహా తొమ్మిది మంది మరణించిన ప్రమాదంలో, మేఘాల్లోకి ఎగరడం కొనసాగించి దిశాజ్ఞానం కోల్పోవడమే కారణమని భద్రతా బోర్డు తేల్చింది. పైలట్ తనపై తానే పెట్టుకున్న ఒత్తిడి, అనుకున్న పథకాన్నే కొనసాగించే మొగ్గు అందుకు తోడ్పడ్డాయని చెప్పింది. హెలికాప్టర్‌కు రన్‌వే కూడా అక్కర్లేదు. ఇంటి పెరడంత చోటు దొరికినా దిగవచ్చు. అంత వెసులుబాటు ఉన్న యంత్రంలో కూడా దిగాలన్న ఆలోచన రాకపోవడం వల్లనే, అంతర్జాతీయ హెలికాప్టర్ సంఘం అంతకు ముందే 'దిగండి, బతకండి' అనే అర్థం వచ్చే పేరుతో ప్రచారం నడిపింది. విమానం దిగడానికి కొన్ని వందల మీటర్ల చదును నేల కావాలి కాబట్టి దాని పైలట్‌కు ఈ నిర్ణయం మరింత కష్టం.

లెక్కల్లోనూ ఒక చిక్కు ఉంది. పొలంలో దిగుతూ తలకిందులై రెక్క వంగిన విమానం ప్రమాదాల పట్టికలోకి ఎక్కుతుంది. గంటసేపు పచ్చికలో ఆగి, పొగమంచు విడిపోయాక బయటపడిన విమానం ఏ పట్టికలోకీ రాదు. అందువల్ల ఈ ల్యాండింగ్‌లలో ఎన్ని క్షేమంగా ముగుస్తున్నాయో ప్రమాద గణాంకాలను బట్టి చెప్పడానికి వీలుండదు, నమోదయ్యేవి చెడిపోయినవే. మైదానంలో దిగడం ప్రమాదకరమన్న పేరు పైలట్ల మధ్య స్థిరపడడంలో ఈ ఏకపక్షపు లెక్కకు కొంత పాత్ర ఉందనుకోవడం అన్యాయం కాదు. విమానం పనికిరాకుండా పోయినా లోపలివాళ్లు నడిచి బయటికి వచ్చిన సంఘటనను వైఫల్యంగా కాక, సరైన సమయంలో తీసుకున్న నిర్ణయానికి ఫలితంగా చూడవలసి ఉంటుంది.

ఆలస్యం ఎలా చంపుతుందో కొలతల్లో చూస్తే స్పష్టమవుతుంది. గంటకు 185 కిలోమీటర్ల వేగంతో వెళ్లే విమానం సెకనుకు 51 మీటర్లు దాటుతుంది. చూపు కిలోమీటరున్నర వరకే ఆనుతుంటే, ఎదుటి అడ్డంకి కనిపించిన క్షణం నుంచి దాన్ని చేరడానికి 29 సెకన్లు పడుతుంది. ఆ వేగంలో 30 డిగ్రీలు పక్కకు వాలి పూర్తిగా వెనక్కి తిరగడానికి దాదాపు 930 మీటర్ల వెడల్పు కావాలి. అంటే చూపు కిలోమీటరుకు తగ్గిందంటే, తిరగవలసిన చోటును పైలట్ మొత్తంగా చూడనైనా చూడలేడు. వేగాన్ని 130 కిలోమీటర్లకు తగ్గించి, రెక్కల వెనుక అంచున ఉండే కదిలే పలకలను (ఫ్లాప్స్) కొద్దిగా దించితే అదే మలుపు 460 మీటర్లలో ముగుస్తుంది. వేగం మూడోవంతు కూడా తగ్గలేదు, కావలసిన చోటు మాత్రం సగమైంది. మసక మొదలవుతున్నప్పుడే వేగం తగ్గించమని బోధకులు పట్టుబట్టడానికి కారణం ఇదే. అయితే ఆచరణలో పైలట్లు తరచు దీనికి వ్యతిరేకంగా చేస్తారు. వాతావరణం మూసుకునేలోపు దాటిపోదామని ఇంకాస్త వేగం పెంచుతారు.

వేగం తగ్గించి తక్కువ ఎత్తులో తిరగడంలోనూ ఉచ్చు ఉంది. గాలి వెనుకనుంచి వీస్తున్నప్పుడు నేల వేగంగా వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. తక్కువ ఎత్తులో ఈ భ్రమ మరీ బలంగా ఉంటుంది. వేగం ఎక్కువైందనుకుని పైలట్ ఇంజన్ శక్తి తగ్గిస్తాడు, ఆ తర్వాత మైదానం చేజారకుండా మలుపును బిగిస్తాడు. 45 డిగ్రీలు వాలితే విమానం స్టాల్ అయ్యే వేగం, అంటే రెక్కలు ఇక విమానాన్ని మోయలేకపోయే వేగం, 19 శాతం, 60 డిగ్రీలు వాలితే 41 శాతం పెరుగుతుంది. వంద మీటర్ల ఎత్తులో, మలుపు నడుమ స్టాలై గిరగిర తిరగడం మొదలైతే తేరుకోవడానికి కింద చోటు మిగలదు. ఈ రకమైన ప్రమాదంలో నేల తాకడం కేవలం చివరి ఘట్టం. విమానం అప్పటికే చేయి దాటింది. కళ్లు బయట నేలమీద ఉన్నా, క్షణానికొకసారి స్పీడ్ మీటర్ మీదికి తేవడం ఒక్కటే దీనికి మందు.

పొగమంచు విషయంలో జరిగే మోసం ఇంకొకటి ఉంది, దాన్ని కాస్త ఓపికగా చూడాలి. నేలను అంటుకుని 30 మీటర్ల మందంతో పలచటి పొగమంచు పొర పరుచుకుని ఉందనుకుందాం. సరిగ్గా పైనుంచి చూసే పైలట్ చూపు ఆ పొరలో 30 మీటర్లే ప్రయాణిస్తుంది కనుక మైదానం, గట్టు, గట్టుమీద చెట్టు అన్నీ చక్కగా కనిపిస్తాయి. దిగడానికి మూడు డిగ్రీల వాలులో వచ్చేటప్పుడు అదే చూపు అదే పొరలో ఏటవాలుగా 570 మీటర్లకు పైగా ప్రయాణించాలి. పైనుంచి స్పష్టంగా చూసి ఎంచుకున్న మైదానం, దిగబోయే సమయానికి మాయమైపోతుంది. పొగమంచులోకి దూరిన క్షణంలో విమానం ముక్కు పైకి లేచినట్టు అనిపించడం కూడా తెలిసిన భ్రమే. దాన్ని నమ్మిన పైలట్ ముక్కును కిందికి నొక్కుతాడు, అప్పటికి నేల చాలా దగ్గరలో ఉంటుంది. పలచని మసక అయితే దూరాలను పెంచి చూపుతుంది. ఉన్నదానికంటే ఎక్కువ ఎత్తులో, ఎక్కువ దూరంలో ఉన్నట్టు తోచడంతో పైలట్ తెలియకుండానే కిందికి జారుతాడు. రన్‌వే అయితే దాని వెడల్పు, లైట్లు, గీతలు ఈ భ్రమలను కొంతవరకు సరిదిద్దుతాయి. మైదానానికి అవేవీ ఉండవు. పైగా ఎగువకు వాలిన నేల కూడా ఎత్తు ఎక్కువగా ఉన్నట్టే చూపుతుంది, కాబట్టి రెండు భ్రమలూ ఒకే వైపుకు లాగుతాయి.

ఆ కిందికి జారిన దారిలో ఎదురయ్యేవి కరెంటు తీగలు. తీగను చూసి తప్పించుకోవచ్చన్న నమ్మకం మంచి వెలుతురులోనే నిలవదు, మసకలో అసలు నిలవదు. బూడిదరంగు ఆకాశం ముందు బూడిదరంగు తీగ కనిపించే సరికి విమానం దాన్ని చేరిపోతుంది. చేలల్లో మందు చల్లే పైలట్లు తీగలకోసం చూడరు, స్తంభాల కోసం చూస్తారు: రోడ్డు పక్కన వరుస ఉందా, మైదానం మూలలో మోటారు గది గానీ ఇల్లు గానీ ఉందా, ఉంటే దానికి కరెంటు ఎటునుంచి వస్తోంది అని లెక్కవేస్తారు. వరుసను దాటవలసివస్తే రెండు స్తంభాల నడుమనుంచి కాక స్తంభం మీదుగా దాటుతారు, ఎందుకంటే స్తంభం కంటికి ఆనుతుంది, అంతకంటే ఎత్తున ఆ వరుసలో తీగ ఉండదు. వాతావరణం బాగాలేనప్పుడు రోడ్డుమీద దిగుదామన్న ఆలోచన ఆకర్షణీయంగా కనిపించినా, రోడ్డు వెంబడి తీగలు, అడ్డంగా దాటే తీగలు, గుర్తు పలకలు, వాహనాలు ఉంటాయన్న సంగతి ఆ ఆకర్షణను తగ్గించాలి.

ఈ చిక్కులన్నిటికీ జవాబుగానే ముందుజాగ్రత్త ల్యాండింగ్‌కు ఒక క్రమం ఏర్పడింది. మైదానం పరిమాణం, ఆకారం, వాలు, నేల తీరు, చుట్టుపక్కల అడ్డంకులు చూడాలి. పొగ ఎటు వాలుతోందో, చెరువు నీటి మీద అలలు ఎటు కదులుతున్నాయో చూసి గాలిని పట్టుకోవాలి. ఆపైన మైదానం పక్కగా ఒకసారి కాస్త ఎత్తులో, మరోసారి కిందుగా ఎగిరి పరిశీలించాలి. పైలట్ ఎడమ సీటులో ఉంటాడు కాబట్టి మైదానం ఎడమ వైపు ఉండేలా వెళ్తాడు. గాలి లేనప్పుడు 130 కిలోమీటర్ల వేగంలో ఈ చివరినుంచి ఆ చివరికి పది సెకన్లు పడితే పొడవు సుమారు 360 మీటర్లు. ఒక్కో మలుపు తర్వాత దిక్సూచి చూపిన అంకెను గుర్తుపెట్టుకుంటే, మైదానం క్షణకాలం మసకలో దాక్కున్నా మళ్లీ దాని దగ్గరికి రావడానికి దారి ఉంటుంది. ఇదంతా జరగడానికి ఆరేడు నిమిషాలైనా కావాలి. ఆ నిమిషాలు మిగిలి ఉండగానే నిర్ణయం జరిగితేనే దానికి ముందుజాగ్రత్త అన్న పేరు సరిపోతుంది. ఆలస్యమైన పైలట్ పరిశీలన మానేసి మొదటిసారికే దిగడానికి ప్రయత్నిస్తాడు, వేగం ఎక్కువై మైదానం సగం దాటాక నేల తాకుతాడు, లేదా మళ్లీ పైకి లేవబోయి మబ్బులోకి వెళ్లిపోతాడు. ఈ చివరిది అన్నిటికంటే ఘోరం, ఎందుకంటే తప్పించుకోవాలనుకున్న చోటికే, నిండు శక్తితో, ముక్కు పైకెత్తి, మనసు చెదిరి ఉన్నప్పుడు చేరడమవుతుంది.

యూరప్ శిక్షణ క్రమంలో 17వ పాఠంగానూ, కెనడాలో 21వ పాఠంగానూ ఈ ల్యాండింగ్ ఉంది. కానీ శిక్షణ మామూలుగా నిర్మలమైన ఆకాశం కింద, బోధకుడికి బాగా తెలిసిన మైదానం మీద జరుగుతుంది. మబ్బు నెత్తిమీద ఉన్నట్టు నటిస్తూ తక్కువ ఎత్తులో తిరగడం విద్యార్థి నేర్చుకుంటాడు. మైదానం నిజంగా కనబడకుండా పోయినప్పుడు కలిగే గుండెదడ మాత్రం అతనికి తెలియదు. అంతకంటే పెద్ద లోటు మరొకటి ఉంది. ఎలా దిగాలో నేర్పినంత శ్రద్ధగా, ఎప్పుడు దిగాలో నేర్పడం లేదు. చూపు ఇంత దూరానికి తగ్గితే, మబ్బు ఇంత ఎత్తుకు దిగితే, వేగం ఇంతకంటే తగ్గించవలసివస్తే ఇక వెతకడం మొదలుపెట్టాలని బయల్దేరకముందే కాగితం మీద రాసిపెట్టుకునే అలవాటు, ఆ నిర్ణయాన్ని ఒత్తిడిలో ఉన్న మనసు చేతిలోంచి తప్పిస్తుంది. నియమాలను అతిక్రమించామన్న భయం కూడా ఇక్కడ అక్కర్లేదు. భద్రత కోసం అత్యవసరమైనప్పుడు నియమాలనుంచి తప్పుకునే అధికారాన్ని అంతర్జాతీయ నిబంధనలే పైలట్‌కు ఇచ్చాయి.

మబ్బు కింద నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇంధనాన్ని గాలితో కలిపే కార్బ్యురేటర్ ఉన్న ఇంజన్లకు ఇంకో ముప్పు ఉంటుంది. తేమగా ఉన్న గాలిలో, తక్కువ శక్తితో నడుస్తున్నప్పుడు కార్బ్యురేటర్ లోపల మంచు కడుతుంది. బయట 20 డిగ్రీల సెల్సియస్ ఉన్నా ఇది జరగవచ్చు. ఆ మంచును కరిగించే వేడిగాలి మీట లాగడం మరిచిపోతే, ముందుజాగ్రత్తగా మొదలైనది ఇంజన్ ఆగిన ల్యాండింగ్‌గా మారుతుంది.

నేలను తాకే ఘట్టంలో బతుకూ చావూ ప్రధానంగా వేగం మీద ఆధారపడతాయి. దిగేటప్పుడు విమానం వేగం గంటకు 110 కిలోమీటర్లు, గాలి వేగం 20 కిలోమీటర్లు అనుకుంటే, ఎదురుగాలిలో నేలమీద వేగం 90, వెనుకగాలిలో 130 అవుతుంది. ఢీకొనే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, రెండో సందర్భంలో ఆ శక్తి మొదటిదానికి రెట్టింపును మించుతుంది. గాలి దిశ తెలుసుకోవడానికి వెచ్చించిన ఒక్క నిమిషం చేసే మేలు ఇది. గురుత్వాకర్షణకు తొమ్మిది రెట్ల బలాన్ని తట్టుకునేలా కట్టిన క్యాబిన్‌లో, 80 కిలోమీటర్ల వేగంనుంచి సమానంగా నెమ్మదిస్తూ ఆగడానికి మూడు మీటర్ల దూరం చాలు. 160 కిలోమీటర్ల వేగమైతే పదకొండు మీటర్లు కావాలి. రెక్కలు, చక్రాలు, పొదలు, ఏపుగా పెరిగిన పంట ఈ దూరాన్ని సంపాదించి పెట్టేవే. విమానాన్ని కాపాడాలన్న ఆరాటం వదులుకున్న పైలట్ వాటిని వాడుకోగలుగుతాడు. దున్నిన నేల అయితే చాళ్ల వెంబడి దిగాలి, అడ్డంగా దిగితే ముందు చక్రం దిగబడి విమానం బోర్లాపడుతుంది. నేల తాకేముందే తలుపు గొళ్లెం తీసి ఉంచడం వల్ల, క్యాబిన్ వంగినా తలుపు ఇరుక్కోకుండా ఉంటుంది. సీటు బెల్టులో భుజం పట్టీ తప్పనిసరి.

దిగాక రేడియోలో మాట అందకపోవచ్చు. పాత రకం అత్యవసర ట్రాన్స్‌మిటర్లు వాడే 121.5 మెగాహెర్ట్జ్ సంకేతాలను ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1తో ఆగిపోయింది. ఇప్పుడు అవి వినేది 406 మెగాహెర్ట్జ్ సంకేతాన్నే. వెతకడానికి వచ్చే హెలికాప్టర్‌ను కూడా అదే పొగమంచు ఆపుతుంది కాబట్టి, దిగకముందే తానెక్కడ ఉన్నదీ, ఏ మైదానంలో దిగుతున్నదీ రేడియోలో చెప్పి ఉండడం గంటల తేడా తెస్తుంది.

క్షేమంగా దిగినవాళ్లకు మిగిలే ప్రమాదం మళ్లీ ఎగరడం. మబ్బు కాస్త పైకి లేస్తుంది, విమానానికి గీత కూడా పడలేదు, గమ్యం అరగంట దూరంలోనే ఉంది. శిక్షణలో విస్తారంగా వాడే సెస్నా 172ఎస్ కొలతలే తీసుకుంటే, సముద్రమట్టం వద్ద గట్టి రన్‌వే మీద దిగాక ఆగడానికి దానికి సుమారు 175 మీటర్లు చాలు. నేల విడవడానికి మాత్రం 290 మీటర్లకు పైగా పరుగెత్తాలి, ఎదుట 15 మీటర్ల చెట్టు ఉంటే దాన్ని దాటేసరికి 500 మీటర్లు కావస్తుంది. పొడి పచ్చిక మీద ఈ పరుగుకు మరో 15 శాతం కలపాలని తయారీదారు పుస్తకమే చెబుతుంది. వాన తాగి మెత్తబడిన నేల చక్రాలను పట్టి ఉంచితే పరుగు ఇంకా పెరుగుతుంది. విమానాన్ని రానిచ్చిన మైదానం దాన్ని పోనివ్వకపోవచ్చు. పొడవును అడుగులతో కొలిచి, నేలను మడమతో నొక్కి చూసి, లెక్క సరిపోకపోతే రెక్కలు ఊడదీసి విమానాన్ని లారీ మీద తరలించడమే దారి.